వేదవతి సీటు

నా భార్య వేదవతి పోయాక నేను మొదటిసారి కారు బయటికి తీసింది సకల జనుల సమ్మె రోజుల్లోనే. అంతవరకూ అది కొత్తపేటలో మా ఇంటి ముందు గుడ్డ కప్పుకొని ఉంది. బస్సులు ఆగిపోయాయి. ఆటోలు దొరకడం లేదు. మా అత్తగారు వెంకాయమ్మను కంటి పరీక్షకు తీసుకుపోవాలి. బడులు కూడా మూతబడ్డాయి కనుక నాకు తీరిక లేదని చెప్పే వీలు లేదు.

అది పాత కాంటెస్సా. మామగారు వెంకట్రావు ఏలూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాక కొన్న బండి. ఆయన తర్వాత కూతురే నడిపింది. వేదవతి పొట్టి మనిషి. సీటును బాగా ముందుకు లాక్కుంటే తప్ప ఆమె కాళ్లు అందేవి కావు. నేను పొడగరిని. ఆ రోజు లివర్ ఎత్తి సీటును చివరిదాకా వెనక్కి నెట్టాను. నెట్టాక కాసేపు తాళం తిప్పలేకపోయాను.

దిల్‌సుఖ్‌నగర్ దాటుతుండగా కారు వణకడం మొదలైంది. ఒక వేగం దగ్గర మాత్రమే వణికేది. కాస్త పెంచినా, తగ్గించినా ఆగేది. బానెట్ కింద ఎవరో వేలి కణుపుతో తలుపు తడుతున్నట్టు చప్పుడు. మూసారాంబాగ్ దగ్గర బ్రేక్ వేశాను. సీటు టక్కుమని ముందుకు జరిగింది. ఇంకొంత దూరం పోయాక మరో టక్. ఆసుపత్రి చేరేసరికి నా మోకాళ్లు స్టీరింగ్‌కు తగులుతున్నాయి.

అత్తయ్య వెనక సీట్లో కూర్చున్నారు. తిరిగి వచ్చేటప్పుడు సీటును మళ్లీ వెనక్కి నెట్టాను. అది మళ్లీ ముందుకు వచ్చింది. ఇంటి ముందు దిగాక ఆమె నా సీటు వీపును అరచేత్తో తడిమి చూశారు.

“అక్కడే ఆగింది బాబూ,” అన్నారు.

“ఎక్కడ?”

“మా అమ్మాయి చోట.”

ఆ తర్వాత సాయంత్రం కాగానే ఆమె ఉతికిన చీర కట్టుకొని వాకిట్లో నిలబడేవారు. “ఒక్కసారి అలా తిప్పి తీసుకురండి బాబూ,” అనేవారు. ఎటు పోదామని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ప్రతిసారీ సీటు జరిగేది. ప్రతిసారీ ఒకే చోట ఆగేది. అంతకుమించి, కింది పట్టాలో ఒక్క పన్ను దూరం కూడా ముందుకు వచ్చేది కాదు. నేను పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ని. కారణం ఉంటుందని తెలుసు. వెతకడానికి మాత్రం తొందరపడలేదు.

ఒకరోజు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ముందు ఫ్యాన్ బెల్టు జారిపడింది. మార్కెట్లో ఎవరూ లేరు. కుళ్లిన బత్తాయిల వాసన మాత్రం రోడ్డు దాకా వస్తోంది. బెల్టు చేత్తో ఎక్కించుకొని, మెల్లగా చైతన్యపురిలో మట్టయ్య షెడ్డుకు చేరుకున్నాం. మట్టయ్య మా నల్లగొండ దిక్కువాడు. వేదవతి బండిని ఎప్పుడూ అతనే చూసేవాడు. షట్టర్ సగం దించి ఉంది.

“సమ్మెల షాపు తెరిచినవేంది మట్టయ్యా?” అన్నాను.

“యాడ తెరిచిన సార్? సగమే తెరిచిన. ఎవలన్న అడిగితె లోపల పండుకున్నంట.” చప్పుడు విని తల వంచాడు. “ఊరంత పని బంద్ వెడితె, మీ బండి ఒక్కతే గింత మొత్తుకుంటుంది.”

అత్తయ్యకు స్టూలు వేసి, బానెట్ ఎత్తాడు. “చాక్‌పీసుందా సార్?” అని అడిగాడు. నా చొక్కా జేబులో ఉంది. “బడి బందయినా జేబుల సున్నం పోలే,” అని నవ్వాడు.

ఇంజన్ ముందు భాగంలో బెల్టు తిరిగే చక్రాన్ని చూపించాడు. “డ్యాంపర్ పుల్లీ సార్ ఇది. లోపల ఒక ముక్క, బయట కడెం, నడుమ రబ్బరు. ఇంజన్ల పుట్టే వణుకును ఆ రబ్బరు మింగుతది. రబ్బరు చచ్చిందనుకో, కడెం దాని ఇష్టమొచ్చినట్టు జారుతది.” లోపలి ముక్క మీదుగా బయటి కడెం అంచు దాకా సుద్దతో ఒకే గీత గీశాడు. ఇంజన్ స్టార్ట్ చేసి, టైమింగ్ లైటు పట్టాడు.

ఆ లైటు ఇంజన్ లయతో పాటే మినుకుమంటుంది. ఆ వెలుతురులో పుల్లీ ఆగిపోయింది. బెల్టు ఆగిపోయింది. ఇంజన్ హోరు మాత్రం చెవుల్లో ఉంది. తెల్ల గీత స్పష్టంగా కనిపిస్తోంది. చూస్తుండగానే అది రెండుగా విడిపోయింది. లోపలి సగం కదలలేదు. బయటి సగం మెల్లగా, ఎవరో వేలితో నెడుతున్నట్టు, వెనక్కి పోసాగింది.

“చెయ్యి దియ్యుండ్రి సార్!” మట్టయ్య అరిచాడు. “నిలవడ్డట్టు కొడ్తది గని తిరుగుతనే ఉంది. వేళ్లు పోతయ్!”

నా చేయి ఎప్పుడు ముందుకు పోయిందో నాకు తెలియదు.

ఇంజన్ ఆపాక అత్తయ్య అడిగారు. “ఇది బాగు చేస్తే సీటు జరగదా అబ్బాయ్?”

“ఎందుకు జరుగుతదమ్మా? సీటు లాకు పండ్లు అరిగినయ్. బండి వణికితె లాకు ఊసిపోతది, బ్రేక్ కొడితె సీటు ముంగటికొస్తది. మేడం ఏండ్ల సంది ఒక్క తాన్నే పెట్టుకున్నది గద, ఆడ గాడి పడ్డది. ఆడికొచ్చి నిలవడ్తది. వణుకు పోతె సీటు ఉలకదు.”

“అయితే బాగు చేయకు.”

మట్టయ్య నా వైపు చూశాడు. “గట్లంటే ఎట్లమ్మా? కడెం ఊడితె పొయ్యి రేడియేటర్ల పడ్తది. క్రాంకు ఇరుగుతది. లారీల నడుమ బండి నిలవడితె మీ ఇద్దరి గతేంది?”

“మీ ఇష్టం బాబూ,” అన్నారు అత్తయ్య నాతో. “కారు మీదే కదా.”

అది వేదవతి నాన్న కారు, ఆయన తర్వాత వేదవతి కారు అని ఇన్నాళ్లూ ఆమే చెప్పేవారు. నేను మట్టయ్యకు తల ఊపాను.

తుక్కుకు పోయిన మరో కాంటెస్సా నుంచి అతను మంచి పుల్లీ సంపాదించాడు. రేడియేటర్ దించి, నడిమి బోల్టు విప్పి, పుల్లర్ తగిలించి పాతదాన్ని లాగాడు. రబ్బరు నల్లటి పొడిగా రాలింది. కడెం ఊడి అతని చేతిలోకి వచ్చింది. ఆయిల్ కారకుండా ఉండే సీలు అంచుకు ఆయిల్ రాసి, కొత్తదాన్ని బోల్టు బిగువుతోనే లోపలికి రానిచ్చాడు. సుత్తె ముట్టలేదు. మళ్లీ గీత గీసి లైటు పట్టాడు. గీత విడిపోలేదు.

బండి నడిపి చూద్దామని తాళం తీసుకున్నాను. “నేనూ వస్తాను,” అన్నారు అత్తయ్య.

ఎల్‌బీ నగర్ చౌరస్తా నుంచి హయత్‌నగర్ వైపు పోయాం. విజయవాడ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీగా ఉంది. రోడ్డు మీద వంటావార్పు చేసిన పొయ్యి రాళ్లు అలాగే ఉన్నాయి. బూడిద ఎగురుతోంది. మనుషులు లేరు. ఆ వేగానికి చేరాను. కారు వణకలేదు. తలుపు తట్టే చప్పుడు లేదు. బ్రేక్ వేశాను. సీటు కదలలేదు. వెనక మనిషి కూర్చొని ఉండగానే, కారులో నేనొక్కణ్నే ఉన్నట్టు అనిపించింది. అద్దంలో ఆమె కళ్లు నా సీటు వీపు మీదే ఉన్నాయి.

“ఇంకోసారి వేయండి బాబూ.”

వేశాను. ఏమీ లేదు.

“ఇంకొక్కసారి.”

ఈసారి ఎడమచేతిని సీటు కిందికి పోనిచ్చి లివర్ ఎత్తాను. బ్రేక్ తొక్కాను. సీటు జరిగింది. టక్. వదిలి, మళ్లీ ఎత్తాను. టక్. మోకాళ్లు స్టీరింగ్‌కు ఆనేదాకా అలాగే చేశాను.

అత్తయ్య నా సీటు పక్కగా తొంగి చూశారు.

“మీరే కదూ?” అన్నారు.

నేను లివర్ వదిలేశాను.

“మా అమ్మాయికి ఇంత నెమ్మది ఎక్కడిది బాబూ,” అన్నారు. తర్వాత, “వెనక్కి జరుపుకోండి. మోకాళ్లు నొప్పెడతాయి,” అన్నారు.

బండి ఆపి వెనక్కి జరిపాను. తిరుగుదారిలో నా వీపుకు ఏదో ఆనుతున్నట్టు తెలిసింది. అద్దంలో చూశాను. అత్తయ్య ముందుకు వంగి, రెండు చేతులూ నా సీటు వెనక పెట్టి ఉన్నారు. ఇల్లు చేరేదాకా తీయలేదు. ఆ చేతులు సీటును ఆపుతున్నాయో, ముందుకు నెడుతున్నాయో నాకు తెలియలేదు.