ఐసు ఫ్యాక్టరీ మీద గోరింకలు

వీధిలో అందరూ ఆమెను కత్తెరమ్మ అనేవారు. ఏళ్ల తరబడి ఆడవాళ్ల బట్టలు కుట్టిన చెయ్యి కనుక ఆ పేరు వచ్చిందని ఆమె అనుకునేది. నోటిని బట్టి వచ్చిందని మిగతావాళ్లకు తెలుసు. టేపు నడుము చుట్టూ తిప్పుతూనే మనిషిని రెండు ముక్కలు చేసేది. "నిరుటికన్నా నడుము పెరిగింది, బుద్ధి మాత్రం అక్కడే ఆగింది" అనేది నవ్వుతూ. అయినా ఒంటికి అతికినట్టు కుట్టేది కాబట్టి, తిట్లు తిన్నవాళ్లే మళ్లీ గుడ్డ పట్టుకొచ్చేవాళ్లు.

ఆ నోటి దెబ్బలు అందరికన్నా ఎక్కువ తిన్నది సొంత చెల్లెలు. తల్లి పోయాక ఆ పిల్లను పెంచింది కత్తెరమ్మే. తిండికీ బట్టకూ లోటు చెయ్యలేదు. మంచి మాటకే కరువు. చెల్లెలు కుట్టు నేర్చుకుంటానంటే "నీ చేతికి సూది ఇస్తే గుడ్డకన్నా ముందు వేలు కుట్టుకుంటావు" అని లేవగొట్టింది. చెల్లెలు ఫొటో స్టూడియోలో పనికి కుదిరింది. గడ్డం కొంచెం ఎత్తండి, కళ్లు ఇటు, నవ్వకండి అంటూ పాస్‌పోర్టు ఫొటోలు తీసేది. "మనుషుల్ని నవ్వొద్దనే ఉద్యోగం! ఆ మొహానికి తగ్గదే దొరికింది" అని తన కుట్టు దుకాణంలో పదిమంది ముందు అక్క ఆమె గాలి తీసేసింది. ఇద్దరిలో ఎవరికీ పెళ్లి కాలేదు. చెల్లెలు వేరే గది అద్దెకు తీసుకుని, తలవంచుకుని తన బతుకు తాను బతికింది.

అలాంటి కత్తెరమ్మ ఒకరోజు పై అరలోంచి గుడ్డల తాను లాగబోయి నిచ్చెన మీంచి పడింది. తుంటి ముక్కలైంది. రెండుసార్లు కోశారు. కాళ్లకు స్పర్శ మిగిలింది గానీ, మనిషిని నిలబెట్టే సత్తువ తిరిగి రాలేదు. పిలవకుండానే చెల్లెలు తన గది ఖాళీ చేసి, నాలుగో అంతస్తులో ఉన్న అక్క ఫ్లాటుకు సామాను తెచ్చుకుంది. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, బెడ్‌పాన్ పెట్టడం, మందులివ్వడం అన్నీ తనే. ఉదయం స్టూడియోకు వెళ్లి మధ్యాహ్నం దాటగానే వచ్చేసేది.

ముందు గది కిటికీ పడమటి వైపు. మంచం దానికి ఆనించి వేశారు. రోడ్డుకు అవతల ఎప్పుడో మూతపడిన ఐసు ఫ్యాక్టరీ, దాని ఆవరణలో గొడుగులు విప్పినట్టు పెద్ద పెద్ద నిద్రగన్నేరు చెట్లు. చలి మొదలైన కొత్తలో ఒక సాయంత్రం ఆ చెట్ల మీద కత్తెరమ్మకు నల్లటి పొగ కనిపించింది. ఏదో తగలబడుతోందనుకుంది. ఆ పొగ సాగింది, మెలి తిరిగింది, ముద్దయింది, మళ్లీ విచ్చుకుంది. ఎవరో ఆకాశంలో నిలబడి పెద్ద పట్టు తాను దులుపుతున్నట్టు మడతలు మడతలుగా జారింది.

"ఒసేయ్, ఇటు రావే! తొందరగా రా!"

వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన చెల్లెలు కిటికీ దగ్గర అలాగే నిలబడిపోయింది.

"వలస గోరింకలక్కా," అంది. "ఎన్ని వేలో!"

మర్నాడు స్టూడియోలో మూలపడి ఉన్న పాత కెమెరా అడిగి తెచ్చింది. అక్కకు కాలక్షేపం అవుతుందనే తెచ్చింది. పొద్దస్తమానం కిటికీలోంచి చూడ్డం తప్ప మరో పని లేని కత్తెరమ్మకు ఆ పక్షుల తీరుతెన్నులు చెల్లెలికన్నా ముందే పట్టుబడ్డాయి. నీళ్ల ట్యాంకు వెనక నుంచి చిన్న చిన్న గుంపులు వస్తాయి. డేగ కనబడిందా, అన్నీ పిడికిలిలా బిగుస్తాయి. "ఆగవే, ఇంకా పలచగానే ఉన్నాయి. అదుగో డేగ! ఇప్పుడు నొక్కు!" అని అక్క అరవడం, చెల్లెలు నొక్కడం. ఆ చలికాలమంతా ఇద్దరూ సాయంత్రాల కోసం ఎదురుచూశారు. పుట్టి బుద్ధెరిగాక ఇద్దరూ కలిసి నవ్వింది అప్పుడే.

ఒక ఫొటో ఆదివారం పత్రికలో పడింది. కింద చెల్లెలి పేరు ఒక్కటే ఉంది. కత్తెరమ్మ దాన్ని తిరగేసి మరగేసి చూసి పక్కన పెట్టింది. ఆ సాయంత్రం స్టూడియో యజమాని అభినందించడానికి ఇంటికొచ్చాడు. చెల్లెలు ఇస్త్రీ చీర కట్టుకుని టీ తెచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"మీ చెల్లెలి చేతిలో ఇంత పనితనం ఉందని మాకే తెలీదమ్మా," అన్నాడాయన.

"పనితనమా!" అని నవ్వింది కత్తెరమ్మ. "దీనికి నొక్కడం ఒక్కటే వచ్చండీ. ఎప్పుడు నొక్కాలో నేను చెప్పాలి. నేను లేకపోతే ఇది కాకుల్ని తీసి గోరింకలని ఇచ్చేది."

యజమాని మర్యాదకు నవ్వాడు. చెల్లెలు టీ కప్పు ఆయన ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ తరువాత అక్కను ఏ సాయంత్రమూ ఏదీ అడగలేదు.

మరుసటి చలికాలానికి చెల్లెలు సొంతంగా మంచి కెమెరా, మూడు కాళ్ల స్టాండు, చెయ్యంత పొడుగు లెన్సు కొనుక్కుంది. "ఫిరంగి తెచ్చావేంటే, ఎవరి మీదకి యుద్ధం?" అంది కత్తెరమ్మ. చెల్లెలు నవ్వలేదు. స్టాండు కాళ్లలో ఒకటి మంచం పట్టీ మీద ఆనించాల్సి వచ్చేది. అక్క పక్కకు ఒత్తిగిలితే చాలు, బొమ్మ అదిరేది.

"కదలకు అక్కా."

"కదలకుండా ఉండటానికి నేను శవాన్నా?"

"కాసేపే కదా."

తరువాత దగ్గొద్దంది. ఆ తరువాత మాట్లాడొద్దంది. నోటి మీద బతికిన మనిషి నోరు కట్టుకుని, చెల్లెలి మోచేతి సందులోంచి ముక్కలు ముక్కలుగా ఆకాశం చూసేది.

ఒక సాయంత్రం మబ్బుల కింద ఎండ ఎర్రగా పరుచుకుంది. గోరింకలు ఎన్నడూ రానంత దట్టంగా వచ్చాయి. సరిగ్గా అప్పుడే కత్తెరమ్మకు పొత్తికడుపు బిగిసింది.

"పాన్ పెట్టవే."

"ఒక్క నిమిషం అక్కా."

"ఆగలేనే."

"ఒక్క నిమిషం అన్నానా!"

చెల్లెలు కన్ను కెమెరా మీంచి తియ్యలేదు. కత్తెరమ్మ పళ్లు బిగబట్టి దుప్పటి గుప్పిట్లో నలిపింది. "ఒసేయ్, నీ కాళ్లు పట్టుకుంటానే" అంది. ఆమె జీవితంలో ఎవరితోనూ అనని మాట అది. చెల్లెలు విన్నది కూడా. వేలు మాత్రం నొక్కుతూనే ఉంది. పక్క తడిసింది. తడి చల్లబడింది. చెట్ల మీదకు చివరి గోరింక దిగాకే చెల్లెలు ఇటు తిరిగింది.

గోరువెచ్చని నీళ్లు తెచ్చి ఒళ్లు తుడిచింది. పక్క మార్చింది. ఆ చేతుల్లో విసుగు లేదు, కోపం లేదు. కత్తెరమ్మకు అదే భరించరానిదిగా తోచింది. తుడుస్తూ తుడుస్తూ చెల్లెలు తల తిప్పి కెమెరా వెనకున్న చిన్న తెరలోకి చూసుకుంది. పెదవి చివర చిన్న నవ్వు మెరిసింది.

ఆ ఫొటోకే బహుమతి వచ్చింది.

బహుమతి వచ్చిన వారంలోనే మంచం వెనక గదికి మారింది. "ముందు గదిలో చలిగాలి ఎక్కువ. నీ ఛాతీకి మంచిది కాదని డాక్టరే అన్నారుగా" అంది చెల్లెలు. డాక్టరు అన్నది నిజమే, కానీ కిటికీ మూసుకోమని మాత్రమే. వెనక గదికీ ఒక కిటికీ ఉంది. అది భవనం మధ్యలో, గొట్టాలు దిగే ఇరుకు సందులోకి తెరుచుకుంటుంది. అందులోంచి ఎవరి స్నానాల గది నీళ్ల చప్పుడో వినిపిస్తుంది తప్ప, పగలో సాయంత్రమో తెలియదు. సాయంత్రమైందని కత్తెరమ్మకు ముందు గదిలో కెమెరా టకటకలను బట్టే తెలిసేది. ఒక్కో టకకూ కడుపులో నిప్పు ఎగదోసినట్టుండేది.

భవనం సంఘానికి అధ్యక్షుడు ఒక రిటైరైన పెద్దమనిషి. చీకటి పడితే చాలు గేటు మూయించేస్తాడని అందరూ ఆయన్ని కర్ఫ్యూగారు అంటారు. ఒకరోజు చెల్లెలు ఇంట్లో లేనప్పుడు ఆయన పలకరించడానికి వచ్చాడు. కూర్చున్నాడో లేదో, కార్ల మీద పడుతున్న రెట్టల గురించి మొదలెట్టాడు. రోజూ కడిగించినా వాసన పోవట్లేదట.

కత్తెరమ్మ చాలాసేపు విన్నది.

"చెట్లు నరికిస్తే సరిపోదా అండీ?" అంది.

"ఫ్యాక్టరీ ఓనరు ఒప్పుకోవాలి కదమ్మా. మనిషి మొండి."

"వాళ్లావిడకి పాతికేళ్లు బట్టలు కుట్టాన్నేను. ఆ ఫోన్ ఇలా ఇవ్వండి."

ఫోన్లో కత్తెరమ్మ గొంతు తేనెలా ఉంది. కొమ్మలు పుచ్చిపోయాయనీ, ఏ బడిపిల్ల నెత్తినో విరిగి పడితే మీవారి మెడకే చుట్టుకుంటుందనీ చెప్పి ఒప్పించింది. పెట్టేశాక కర్ఫ్యూగారి వైపు తిరిగింది. "కొమ్మలన్నీ మొదలంటా కొట్టించండి, మోడులు మిగిలితే చాలు. వచ్చే మంగళవారం మధ్యాహ్నమైతే బాగుంటుంది. రంపాల మోత మా చెల్లెలికి పడదు. ఆరోజు అది ఊళ్లో పనుండి బయటికెళ్తుంది."

ఆ మంగళవారమే పక్షుల మీద పుస్తకం వేసే సంస్థ నుంచి ఒక సంపాదకురాలు వస్తోంది. ఆవిడను స్టేషన్లో కలుసుకుని ఇంటికి తీసుకురావడానికే చెల్లెలు బయటికి వెళ్లేది. రెండు వారాలుగా ఆ రాక గురించి ఇల్లంతా తుడుస్తూ తనలో తాను మాట్లాడుకుంటోంది.

మంగళవారం మధ్యాహ్నం రంపాలు మొదలయ్యాయి. గోడలు దాటి వచ్చిన ఆ మోత, కొమ్మలు ఫెళఫెళమని కూలిన చప్పుడు కత్తెరమ్మ కళ్లు మూసుకుని వింది. కడుపు చల్లబడింది. ఎన్నాళ్లకో కునుకు పట్టింది.

తలుపు తెరుచుకున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. కొత్త గొంతు, చెల్లెలి గొంతు, ముందు గదిలోకి నడిచిన చెప్పుల చప్పుడు. కత్తెరమ్మ చెవులు రిక్కించింది.

"ఉదయం కూడా ఉన్నాయండీ," అంటోంది చెల్లెలు. "ఉదయం నేను చూసే వెళ్లాను. అన్ని చెట్లూ..."

ఏడుస్తోంది. కత్తెరమ్మ తల దిండు మీద హాయిగా వాల్చింది.

"అదుగో, వస్తున్నాయి!" అంది సంపాదకురాలు.

ఆ తరువాత ఒక టక. మళ్లీ టక. ఆపైన వడగళ్లు పడ్డట్టు ఆగకుండా టకటకలు. దిగడానికి కొమ్మ లేని గోరింకలు దిగబోయి లేస్తున్నాయి. లేచి చుట్టూ తిరుగుతున్నాయి. చుట్టూ తిరిగి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. వెనక నుంచి వచ్చే గుంపులు వచ్చి కలుస్తూనే ఉన్నాయి. ఏ డేగా చెయ్యలేనంతగా బిగిసి, చీలి, ఆకాశాన్ని నల్లగా కప్పేస్తున్నాయి. ఇదంతా కత్తెరమ్మకు సంపాదకురాలి కేకల వల్లే తెలిసింది.

"దేవుడా, ఇలాంటిది జన్మలో చూడలేదు! ఆపకండి, తీయండి, తీయండి!"

చెల్లెలు ఆపలేదు. ఏడుపూ వినిపించలేదు.

పక్కనే కొత్తగా లేచిన గాజు గోడల ఆఫీసు భవనం ఉంది. గాజుకు గుద్దుకుంటున్న పిట్టల దబ్ దబ్ చప్పుళ్లు అటునుంచి వచ్చాయి. వెనక గది కిటికీ సందులోకి పైనుంచి ఏదో రాలింది. గొట్టాల మధ్య ఇరుక్కుని రెక్కలు కొట్టుకోసాగింది. గోరింక. కిటికీ ఊచకు జానెడు దూరంలో ఉంది. ఒక రెక్క వెనక్కి మడతపడింది. ముక్కు తెరుచుకుని, కత్తెరమ్మ వైపే చూస్తోంది.

ఆమె చెయ్యి చాచింది. అందలేదు. మోచేతి మీద లేవబోయి వెనక్కి పడింది.

"ఒసేయ్! ఒక్కసారి రావే!"

"ఒక్క నిమిషం అక్కా!"

"ఇక్కడ పిట్ట పడిందే! చచ్చిపోతోంది, రావే!"

టకటకలు మాత్రమే వచ్చాయి. గోరింక రెక్క గొట్టాన్ని కొట్టింది, ఆగింది, మళ్లీ కొట్టింది. అది పూర్తిగా ఆగిపోయేదాకా కత్తెరమ్మ చూపు తిప్పుకోలేకపోయింది. తిప్పుకుందామన్నా ఆ గదిలో చూడటానికి మరేదీ లేదు.

సంపాదకురాలు వెళ్లిపోయాక చెల్లెలు కెమెరాతో వెనక గదిలోకి వచ్చింది. మంచం అంచున కూర్చుని, తెర అక్క మొహానికి దగ్గరగా పట్టింది.

"కర్ఫ్యూగారు మెట్ల మీద కనబడ్డారు. అంతా మీ అక్కగారి చలవే అన్నారు." గొంతులో కోపం లేదు. "చూడు. దిగడానికి చోటు లేక ఎంతసేపు తిరిగాయో. నువ్వు నరికించకపోతే ఇలాంటిది రాదక్కా. పుస్తకం మొత్తం నాతోనే చేయిస్తారట. వాళ్ల సంస్థ ఉన్న ఊరికే వచ్చెయ్యమన్నారు."

కత్తెరమ్మ నోరు తెరిచింది. ఎప్పుడూ నాలుక చివరే ఉండే మాట కోసం వెతుక్కుంది.

"కిటికీలో పిట్ట ఉందే," అంది చివరికి. "తియ్యవే."

చెల్లెలు అటు చూసింది. చెయ్యి పెట్టి గోరింకను తీసి, దీపం కిందికి తిప్పి, దాన్నీ ఒక ఫొటో తీసుకుని, చెత్తబుట్టలో వేసింది.

వెళ్లే ముందు ఒక ఆయాను కుదిర్చింది. మంచాన్ని మళ్లీ ముందు గదికి తోసింది కూడా తనే. "నాకిక ఈ కిటికీతో పని లేదు," అని దుప్పటి సర్ది, దిండు ఎత్తు సరిచేసి, పెట్టె తీసుకుని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

రోడ్డుకు అవతల కూలీలు మొద్దుల్ని లారీలోకి ఎత్తుతున్నారు. చెట్ల అడ్డు పోవడంతో పడమటి ఎండ తిన్నగా మంచం మీద పడుతోంది.

"తెర లాగమంటారా అమ్మా? కళ్లలో పడుతోంది," అంది ఆయా.

"వద్దు," అంది కత్తెరమ్మ. "పడనీ."