పుతి మేత

మార్లిస్ జల్లెడ కింద పడిన తౌడును చీపురుతో కుప్ప చేశాడు. గుప్పెడు తీసి వాసన చూశాడు. ముక్క వాసన లేదు, కమ్మగా, వెచ్చగా ఉంది. సంచిలోకి ఎత్తి మూతి బిగించాడు. కనుబొమల మీద, చెవి మడతల్లో, చొక్కా కాలరు లోపల అంతా అదే పొడి. పెళ్లికి ముందు నుంచీ పాయాకుంబు పట్నంలోని బియ్యం మిల్లులో బస్తాలు మోస్తున్న ఆ పొట్టి మనిషిని ఊళ్లో ఎవరూ పట్టించుకుని చూసింది లేదు. చూసిన కొద్దిమందికీ అతను పుతి యజమాని, అంతే.

పుతి పందెపు గుర్రం. ఎర్రటి ఆడగుర్రం. తొలి పందెంలోనే గెలిచింది. ఆ సాయంత్రం ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా మార్లిస్‌ని పేరు పెట్టి పిలిచారు. రెండో పందెంలో మలుపు దగ్గర దాని ముందు కాలి నరం చిట్లింది. జట్కాకి కట్టేయమని అందరూ చెప్పారు. అతను చెవిన పెట్టలేదు. ఏడాది పైనే రోజూ వాగు చన్నీళ్లలో దాన్ని నిలబెట్టాడు, కాలికి పట్టీలు చుట్టాడు, అది కుంటుతుంటే పక్కన తానూ కుంటుతున్నట్టే నడిచాడు. వట్టినే వచ్చే మిల్లు తౌడంతా దానికే పెట్టాడు.

ఇవాళ దాని పరుగు చూస్తారు. మైదానం చుట్టూ ఒక్కసారి నిలకడగా పరిగెత్తితే వచ్చే పందేల్లో దించుదామని, గుర్రాలకు తర్ఫీదునిచ్చే ముసలి బాసిర్ మాటిచ్చాడు.

మిల్లులో సగం పూట సెలవడిగి అక్క యుస్మనియార్ ఇంటికి వెళ్లాడు. అక్కడి ఆచారం ప్రకారం పెళ్లయిన మగవాడు పడుకోవడం భార్య పుట్టింట్లోనే అయినా, ఆ పెరట్లో గుర్రాన్ని కట్టేసుకునేంత చనువు అతనికి ఎన్నేళ్లకూ రాలేదు. అందుకే పుతి అక్క పెరట్లో ఉంటుంది.

"వచ్చావా దొరా! నువ్వేమో పెళ్లాం ఇంట్లో పడుకుంటావు, నీ గుర్రాన్ని మాత్రం నా నెత్తిన పడుకోబెడతావు," అంది అక్క, చేపలు తోముతూ. "నిన్నట్నించీ కుదురుగా నిలబడి చస్తేనా? ఈ కాలు ఎత్తుద్ది, ఆ కాలు దించుద్ది. గెంతులు గానీ నేర్పుతున్నావేంటి?"

"ఆత్రం అక్కా. పరుగుందని దానికి తెలిసిపోయింది."

"రాత్రి పెట్టింది సగం వదిలేసింది మరి?"

"నా పెళ్లినాడు నేను మాత్రం తిన్నానా?"

అక్క నవ్వింది. అతనూ నవ్వాడు.

సాగో కొండ కింద మైదానంలో బాసిర్ అల్లుడు గుర్రం ఎక్కాడు. మొదట్లో బిగుసుకున్నా, అదిలిస్తే పుతి కదిలింది. మార్లిస్ ఊపిరి బిగబట్టి ఆ ఒక్క కాలినే చూశాడు. వంకర లేదు, తడబాటు లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మిగతా గుర్రాన్ని అతను చూడనే లేదు. మలుపు దగ్గర పుతి ముందు కాళ్లు రెండూ చాచి, బరువంతా వెనక్కి వేసి ఆగిపోయింది. ఒళ్లంతా చెమట.

"కాలు బాగుంది కదా తాతా?" అంటూ పరిగెత్తాడు.

"కాలికేం, బాగానే ఉంది." బాసిర్ వంగి ఒక గిట్టకు, తర్వాత ఇంకో గిట్టకు అరచెయ్యి ఆనించాడు. "ఇదిగో, పట్టుకు చూడు. కాలిపోతున్నాయి. ఏం పెడుతున్నావురా దీనికి?"

"తౌడు. మంచిదే తాతా, జల్లెడ తౌడు. రాత్రి రెండింతలు పెట్టా, బలం వస్తుందని."

"అయ్యో పిచ్చోడా! ఏడాదిగా పరుగన్నదే లేకుండా నిలబడ్డదానికి అంత తౌడా? కొనుక్కునేవాడివైతే గుప్పెడు పెట్టి ఊరుకునేవాడివి. పొట్ట చూడు, ఎట్టా ఉబ్బిందో. అరగని మేత వేడంతా గిట్టల్లోకి దిగింది."

మార్లిస్ పొట్ట చూశాడు. తను ముచ్చటపడిన నిగనిగలాడే పొట్ట అది.

ఎలాగో పెరటి దాకా నడిపించుకొచ్చాడు. రాగానే పుతి పక్కకి ఒరిగి పడుకుంది. పశువుల డాక్టరు వచ్చి సూది వేశాడు, ఆశ పెట్టుకోవద్దని చెప్పి వెళ్లాడు. మార్లిస్ దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏడాది పాటు తన కడుపు మాడ్చుకుని మరీ సాకిన దాన్ని తన చేత్తోనే తినిపించి చంపుకుంటున్నాడు.

యుస్మనియార్ దెప్పలేదు. లోపలికి వెళ్లి, కూతురి పెళ్లికి కట్టుకున్న జరీ అంచు గుడ్డ తెచ్చి గుర్రం మీద కప్పింది.

"అది మంచి గుడ్డ కదే అక్కా," అన్నాడు.

"ఈగలు ముసురుతున్నాయిరా."

పొద్దు వాలుతుండగా మసీదులో అజాన్ వినిపించింది. అది పూర్తయ్యేలోపే పుతి ఒక పొడుగాటి ఊపిరి వదిలి ఊరుకుంది. తల బరువు పెరిగినట్టు అనిపించేదాకా మార్లిస్‌కి తెలియలేదు.

బాసిర్, అతని అల్లుడు, ఇరుగుపొరుగు మగవాళ్లు కలిసి ఎండిన మడిలో గొయ్యి తవ్వి పాతిపెట్టారు. మార్లిస్ చేతులు కడుక్కుని భార్య ఇంటికి బయలుదేరాడు. అక్క గుమ్మం దాకా వచ్చింది.

"పొద్దున్నే రా. కాఫీ పెడతా."

"ఎందుకక్కా ఇంక?"

"ఎందుకేంట్రా! నేను లేనా?"

అతను తలూపాడు. కంచె మీద, అప్పుడే ఉతికి ఆరేసిన అక్క గుడ్డ నీళ్లోడుతోంది. ఎంత జాడించినా పోని ఎర్రటి వెంట్రుకలు దాని జరీ అంచులో చిక్కుకుని ఉన్నాయి.