మే నెలలో కోటూ, పట్టుచీరా

మే నెలలో, అదీ ఎండ ఇంకా దిగని సాయంత్రం, మగవాళ్లంతా కోటు వేసుకోవాలనీ ఆడవాళ్లంతా పట్టుచీర కట్టుకోవాలనీ ఉత్తర్వు వేసినవాడెవడో గానీ ఏసీ గదిలోనే పుట్టి పెరిగి ఉంటాడు. సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీకి పదేళ్లు నిండాయి. బయటి దేశం నుంచి పెద్దవాళ్లు వస్తున్నారట. సంగారెడ్డి దగ్గర ఓ ఫంక్షన్ హాలు లాన్‌లో విందు.

ఉత్తర్వు చదివి అందరూ తిట్టుకున్నారు. జెన్నిఫర్ తిట్టుకోలేదు. ఆమెకు రాజశేఖర్ గుర్తొచ్చాడు.

రెండేళ్లుగా వాళ్లిద్దరి మధ్యా ఒక అద్దం ఉంది. దుమ్ము చొరబడని గదిలో కూర్చుని ఆమె సూదులు బిగిస్తుంది. అద్దానికి అవతల నిలబడి అతను నిండిన ట్రేలు అందుకుంటాడు. ఇద్దరికీ నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్ల గౌను, టోపీ, మాస్కు. గౌను మీద పేరు, మాస్కు పైన కళ్లు, అంతే. యంత్రాల హోరులో మాట వినపడదు. ఎక్కే బస్సులు వేరు, అన్నం తినే వేళలు వేరు. ఒకరోజు ఆమె ఒళ్లు కాలుతున్నా డ్యూటీకి వస్తే, అతను అద్దం అవతలి నుంచే కళ్లు చూసి కనిపెట్టాడు. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని జ్వరమా అని సైగ చేశాడు. ఇంట్లో కన్నతల్లి సాయమ్మ కూడా పోల్చుకోని జ్వరం అది. అప్పటి నుంచి ఆదివారం కూడా డ్యూటీ ఉంటే బాగుండునని జెన్నిఫర్ అనుకోవడం మొదలుపెట్టింది. ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే పిల్ల అనుకోవలసిన మాట కాదు మరి.

ఇప్పుడతనికి పుణె ప్లాంటుకు బదిలీ అయింది. విందు జరిగిన తెల్లారే రైలు. అతను ఒక్కసారి తనను చూడాలి, చూసి గుర్తుపట్టాలి. అంతకు మించి తనకేమీ అక్కర్లేదనుకుంది గానీ అది అబద్ధమని ఆమెకూ తెలుసు.

ఫ్యాక్టరీలో కాటుక, పౌడరు, గాజులు, పూలు అన్నీ బంద్. ఇంట్లోనూ దాదాపు అంతే. సాయమ్మకు సోకులు గిట్టవు. అందుకే విందు రోజు జెన్నిఫర్ కసి తీరా ముస్తాబయింది. పక్కింటి అరుణమ్మ వచ్చి జడ వేసి, మల్లెలు పెట్టి, కళ్లకు ఒత్తుగా కాటుక దిద్దింది. చెమటకు కుచ్చిళ్లు జారిపోతుంటే ఆ సాయమ్మే విసనకర్రతో విసురుతూ కూర్చుంది. ముప్పై దాటిన కూతురు ఒకరి కోసం తయారవుతోందని తల్లికి ఒకరు చెప్పాలా?

లాన్‌లో అందరూ ఉడికిపోతున్నారు. బదిలీ మీద వెళ్లేవాళ్లను వేదిక మీదికి పిలిచి పూలగుత్తులు ఇచ్చారు. రాజశేఖర్ పేరు వినగానే జెన్నిఫర్ మడమలెత్తి చూసింది. భుజాలు జారిన నల్లకోటు, చెమటతో తడిసిన మెడ, నవ్వితే పక్కకు పోయే పెదవి. ఆ పెదవి ఉందనే ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

అతను వేదిక దిగి ఆడవాళ్ల కేసి ఒక్కొక్కరినే చూస్తూ వచ్చాడు. కూలరు దగ్గర నిలబడిన జెన్నిఫర్ కళ్లలోకీ చూశాడు. చూసి, దాటిపోయాడు.

అతనికి తెలిసినవి ఆ రెండు కళ్లే. వాటినే ఆమె కాటుకతో మార్చేసుకుని వచ్చింది. తనే పలకరించవచ్చు కదా అని మీరంటారు. పలకరిస్తే, అతను తనంతట తాను గుర్తుపట్టేవాడో కాదో ఇక ఎప్పటికీ తేలదు. ఆ మొండితనం జెన్నిఫర్‌ది. ఏడుపు మింగుకుంటూ అక్కడే నిలబడింది.

లాన్ అంతా ఒక చుట్టు తిరిగి అతను మళ్లీ కూలరు దగ్గరికే వచ్చాడు. కోటు మాత్రం విప్పలేదు.

"మేడం, జెన్నిఫర్ అని, లోపల సూదుల కాడ చేస్తది. మీకెరుకేనా? వచ్చిందా?" అని అడిగాడు.

ఆమెతో ఏం పని అని జెన్నిఫర్ మెల్లగా అడిగింది.

"పనేం లేదు మేడం. రెండేండ్ల సంది ఆమె నన్ను ఆ తెల్ల గౌనుల తప్ప చూడలే. పోయేముందు ఒక్కసారి మంచిగ కనబడదామని గీ కోటు కిరాయికి తెచ్చిన. గిదంత పరేషాన్ ఆమె కోసమే. వస్తదనుకున్న. ఇగ చూడదు."

రెండేళ్లు ఆ అద్దం ముందు వృథాగా కూర్చోలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. తెల్లారితే అతను ఉండడు. సంతోషమూ దుఃఖమూ ఒకేసారి వచ్చి మీద పడితే మనిషి దేనికని తట్టుకుంటుంది?

"చూసింది" అంది జెన్నిఫర్. "మస్తుగున్నది. ఇగ ఆ కోటు ఇప్పెయ్ రాజశేఖర్, ఉడికిపోతున్నవ్."