కట్లపాము పాఠం

బాపును పాము కరిచిన నాడు ఇంట్లో నలుగురం ఉన్నాం: బాపు భూమన్న, అమ్మ రుక్కమ్మ, నాయనమ్మ, నేను. ఇల్లు కురుస్తోందని విత్తనాల సంచులు మంచం మీదికి ఎక్కించి బాపు నేల మీద పడుకున్నాడు. తెల్లవారుతుండగా కడుపునొప్పి అంటూ లేచాడు. ఒంటి మీద కాటు గుర్తు ఎక్కడా లేదు. మహారాష్ట్రలోని మా ఊరు విరూర్ నుంచి రాజురా పట్నం చేరేసరికి రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది.

అక్కడి చిన్న ప్రైవేటు దవాఖానాలో ధనరాజ్ అనే కుర్ర డాక్టరు వంగి బాపు నోటి వాసన చూశాడు. "ఎంత తాగాడు?" అని మరాఠీలో అమ్మను అడిగాడు. బాపు ఏనాడూ తాగి ఎరగడు. ఆ మాట అమ్మ చెప్పేలోపే గ్యాస్ సూది వేయించి, ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టమన్నాడు. మధ్యాహ్నానికి బాపు ఊపిరి ఆగిపోయింది. అది కట్లపాము అని, దాని కాటు గుర్తు చాలాసార్లు కనబడదని తరువాత తెలిసింది.

ఆ డాక్టరు నా వైపు చూడనే లేదు. నేను మాత్రం అతన్ని చూశాను. ఎడమ చెవి కింద ఉన్న పుట్టుమచ్చతో సహా.

రెండేళ్లు గడిచాయి. పదకొండో తరగతికి నేను చంద్రపూర్‌లో స్నేహలత చిన్నమ్మ ఇంటికి వచ్చాను. చిన్నమ్మ నర్సు. ప్రాణం మీదికి వచ్చిన వాళ్లను ఎలా చూడాలో వాళ్ల దవాఖానాలో డాక్టర్లకు నేర్పుతారు. నేర్పే పెద్ద డాక్టరు విద్య మేడం. నిజమైన రోగికి బదులు ఒకరు మంచం ఎక్కి, కార్డులో రాసి ఉన్న బాధ తమకే ఉన్నట్టు చెప్పాలి. అదేమిటో డాక్టరు కనిపెట్టాలి. చిన్నమ్మ చెప్పగా బాపు కథ కూడా ఒక కార్డు అయింది.

"నువ్వే పండుకో అనూషా," అంది చిన్నమ్మ.

"నాకు సిగ్గు."

"అద్దం ముందట నిలవడ్డా నోరు తెరవవు. నీ అసొంటి పేషంటు మాకు యాడ దొరుకుతది? అడిగినంతే చెప్పు, సాలు."

వచ్చే డాక్టర్ల పేర్లు ఉన్న కాగితం ఆమె చేతిలో ఉంది. అందులో ధనరాజ్ పేరు చూశాను. సరే అన్నాను.

కార్డు నాకు నోటికి వచ్చింది. తెల్లవారుతుండగా కడుపునొప్పితో లేచానని చెప్పాలి. ఎక్కడ పడుకున్నావంటే నేల మీద అనాలి. పైకి చూడమంటే రెప్పలు వాల్చాలి. ఒక్క ఊపిరిలో లెక్కపెట్టమంటే పన్నెండు దగ్గర ఆగిపోవాలి. మొదటి ముగ్గురు డాక్టర్లకూ అలాగే చేశాను. ముగ్గురూ కనిపెట్టారు.

నాలుగోవాడు ధనరాజ్. చిన్నమ్మ నా పక్కన బీపీ పట్టీ పట్టుకుని నిలబడింది. అతను నన్ను గుర్తుపట్టలేదు. నా వాసన చూస్తాడని ఎదురుచూశాను. చూడలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

"రాత్రి ఎక్కడ పడుకున్నావు, బేటా?" అని మరాఠీలో అడిగాడు.

ఆ ప్రశ్నకు నా ఒళ్లు మండిపోయింది. ఆనాడు బాపును ఈ ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

"మంచం మీద," అన్నాను.

చిన్నమ్మ చేయి పట్టీ మీదే ఆగిపోయింది.

"నేల మీద కాదు కదా?"

"కాదు."

పైకి చూడమన్నాడు. కళ్లు ఇంత చేసి చూశాను. లెక్కపెట్టమన్నాడు. గుక్క తిప్పుకోకుండా ముప్పై ఎనిమిది దాకా పోయాను. అతను కాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించాడు. చివరికి గ్యాస్ మందు రాసి, ఇంటికి వెళ్లమన్నాడు.

మిగతా ఇద్దరికి మళ్లీ కార్డులో ఉన్నదే చెప్పాను. అందరినీ పక్క గదిలో కూర్చోబెట్టి విద్య మేడం మాట్లాడుతుంటే గుమ్మం బయట నిలబడి విన్నాను.

"ఐదుగురు కనిపెట్టారు. ధనరాజ్, మీ పేషంటు మధ్యాహ్నానికి చనిపోయింది."

"మంచం మీద పడుకున్నానని చెప్పింది, మేడం."

"తప్పు పేషంటు మీదికి నెట్టకండి."

ఎవరో కిసుక్కుమన్నారు. అతను తల దించుకున్నాడు. నా కడుపు చల్లబడింది. ఇంకొకసారి అంటే బాగుండుననిపించింది.

చిన్నమ్మ తలుపు చేరవేసి నన్ను పక్కకు లాగింది. "ఎందుకే అబద్ధం చెప్పినవ్?"

"వాడే చిన్నమ్మా. బాపు తాగిండా అని అడిగినోడు."

"ముందుగాల ఎందుకు చెప్పలే?"

"చెప్తే నన్ను పండుకోనిస్తుంటివా?"

"గిప్పుడు అన్నీ అడిగిండు గదనే. అడిగినా తప్పే వచ్చిందని రేపట్నుంచి అడుగుడే బంద్ పెడితే? మళ్ల ఎవలింట్లనో బావ లెక్కనే పోతరు."

"వాడు ఏడ్వాలె. గంతే."

"నేను మేడంకు చెప్త. గిది పాఠం. నీ పగ తీర్చుకునే జాగ కాదు."

"చెప్పు. నేను గూడ వస్త. నేనెవల బిడ్డనో వానికి ఎరుక కావాలె."

"నువ్వు రాకు."

చిన్నమ్మ తలుపు తెరిచింది. ముందు వరుసలో ధనరాజ్ నా కార్డు చేతిలో పెట్టుకుని చదువుతున్నాడు. తల ఎత్తి నన్ను చూశాడు. నేను గుమ్మం లోపలికి ఒక కాలు పెట్టాను.

"మా బాపు తాగలే," అన్నాను తెలుగులోనే. అతనికి అర్థం కాలేదు. మరాఠీలో చెప్పబోయాను. చిన్నమ్మ నా భుజం పట్టి వెనక్కి నెట్టి, తాను లోపలికి వెళ్లి తలుపు వేసేసింది.