రెండు తీగల మధ్య జెర్రి బండి

మోతీ కింద పడ్డాడు. పక్కనే నిలబడ్డవాళ్లలో ఒక్కరు కూడా వంగి అతన్ని లేపలేదు.

వాళ్లను తిట్టుకునే ముందు వాళ్ల చేతుల్లో ఏముందో చూడండి మిత్రులారా! ఒక్కొక్కరి చేతిలో పొడుగాటి వెదురు గడ ఉంది. గడ కొసన కట్టిన అడ్డకర్ర మీద కరెంటు తీగ ఉంది. ఆ తీగ కింద నుంచి ఓ ఇనుప కొండ మనిషి నడక కన్నా మెల్లగా జరుగుతోంది. గడ వదిలితే తీగ ఆ ఇనుము మీద పడుతుంది. పడితే ఇంజన్‌లో కూర్చున్న డ్రైవరూ మిగలడు, చక్రాల కింద పెట్టడానికి చెక్క దిమ్మలు మోసుకుంటూ పక్కన నడిచే కూలీలూ మిగలరు. అందుకే ఈ పనిలో ఒకటే కట్టుబాటు. ఎత్తిన తీగను బండి తోక దాటేదాకా దించొద్దు. పక్కవాడు పడిపోయినా దించొద్దు.

మోతీ కాలు దేవ్లా చెప్పుకు తగులుతోంది. దేవ్లా అతనికి చిన్నాయన. తల పైకెత్తి తీగనే చూస్తూ అరుస్తున్నాడు.

"పట్టుండ్రి! గట్టిగ పట్టుండ్రి! సంతోషూ, మోతీ జాగల తీగ వంగుతంది, జరుగు ఇటు!"

మళ్లీ గొంతు తగ్గించి, కిందికి చూడకుండానే, "మోతీ, బిడ్డా, జర ఆగు. తోక వస్తంది. అగో, వస్తంది" అంటున్నాడు.

సన్నగా వాన పడుతోంది. బండి ఆగలేదు.

ఈ బండి కాకినాడ రేవులో ఓడ దిగిన సరుకు. అడవి అవతల గోదావరి ఒడ్డున కడుతున్న కరెంటు ఫ్యాక్టరీకి పోవాలి. లోపల ఉన్నది జనరేటర్ అని టార్పాలిన్ మీద రాసిన అక్షరాలను బట్టి తెలుస్తుంది. ముందొక ఇంజన్ లాగుతుంది, వెనకొక ఇంజన్ నెడుతుంది, మధ్యలో లెక్కపెట్టలేనన్ని చక్రాలు. దగ్గరి దారిలో వంతెన ఈ బరువు మోయదని తల్లాడ మీద నుంచి చుట్టు తిప్పి కారేపల్లి వైపు తెచ్చారు. దారిపొడుగునా జనం దానికి జెర్రి అని పేరు పెట్టారు. రోడ్డంతా అదే. అంచుల మీద ఆరబోసిన మిర్చిని ఎత్తుకోమని ముందే మైకులో చెప్పుకుంటూ పోతారు. జెర్రి వచ్చిన ఊళ్లో ఆ ఊరివాళ్లనే కూలికి పిలుస్తారు, గడలిచ్చి తీగలెత్తిస్తారు, ఊరు దాటగానే పంపేస్తారు. పై ఊళ్లో మళ్లీ కొత్త మనుషులు. ఒక ఊళ్లో ఏం జరిగిందో ఇంకో ఊరికి తెలియదు.

తోక దాటింది. తీగ దించారు. అందరూ ఒక్కసారి మోతీ మీద పడ్డారు.

అరచేతులు నల్లబడిపోయాయి. గడ పట్టుకునేచోట చుట్టుకున్న సైకిల్ ట్యూబు కరిగి వేళ్లకు అంటుకుంది. పాత ఎండు గడలు సరిపోలేదని కాంట్రాక్టరు మనుషులు పొద్దున్నే అడవి అంచున కొత్త వెదురు నరికి తెచ్చారు. మోతీ వంతుకు పచ్చి గడ వచ్చింది. దాని మీద వాన.

మోతీ భార్య హేమలత మిర్చి చేలో నుంచి తలగుడ్డతోనే ఉరికొచ్చింది. ఏడవలేదు. ఆటో ఏదని అడిగింది. జెర్రి వెనక ఆగిపోయిన బండ్ల వరసలోంచి ఒక ఆటో బయటికొచ్చింది. మోతీని ఒళ్లో పడుకోబెట్టుకుని ఆమె ఖమ్మం దవాఖానాకు బయల్దేరింది.

అప్పుడొచ్చాడు కాంట్రాక్టరు జయప్రకాశ్, గొడుగు పట్టుకుని. సత్తుపల్లి అవతల అతని ఇంటివాళ్లకు పొలాలు, ఈ రోడ్డు మీదే మామగారు వెంకటరామారావు పేరిట మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీ.

"అయ్యో, పాపం. మంచి దవాఖానాలో చూపిద్దాం, నేనున్నా" అన్నాడు. ఊపిరి తీసుకోకుండానే, "సరేగానీ, ముందు ఇంకో లైనుంది కదా. జల్దీ కానివ్వండయ్యా, వెనక బస్సులాగిపోయినయి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. అందరి చూపూ దేవ్లా మీదికి పోయింది. ఆయన మోతీ గడ చేతిలో పట్టుకుని, కరిగిన ట్యూబును గోటితో గీకుతున్నాడు.

"సారూ, ఆ తీగల కరెంటు ఉన్నదా?"

"ఉంటది మరి. జాగ్రత్తగా ఎత్తాలి."

"తీసేపియ్యరాదు?"

"అదంత తేలిక కాదు దేవ్లా. కాయితాలు పెట్టాలి, ఆఫీసు చుట్టూ తిరగాలి. పొద్దు గూకుతుంది."

మోతీ వాళ్ల లంబాడా తండా పిల్లగాడే, కరెంటు ఆఫీసులో లైన్‌మన్, రవికుమార్ అక్కడే తన మోటారుసైకిల్ మీద కూర్చుని ఉన్నాడు. తండాలో గవర్నమెంటు జీతం తెచ్చే మొదటివాడు. దేవ్లా అతని వైపు తిరిగాడు.

"ఏందిరా రవీ? గంత కష్టమా?"

రవికుమార్ నేల చూశాడు. "లైన్ క్లియర్ తీస్కోవాలె కాకా. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే బంజేస్తరు. గని గీ లైను బందైతె కోల్డ్ స్టోరేజీ గూడ బందైతది. వద్దని పైనుంచి మాటొచ్చింది."

అంతే. ఒక్క ఫోను! లోపల మిరపకాయలు చల్లగా ఉండాలని బయట మనుషులు కాలిపోయారు. ఆ మాట అక్కడ ఎవరూ అనలేదు. వాళ్లకు అరిచే ఓపిక కూడా లేదు, తెల్లారుజాము నుంచి గడలు ఎత్తుతూనే ఉన్నారు, మెడలు వంగడం లేదు, చేతులు వణుకుతున్నాయి. సంతోష్ ఒక్కడే ఉమ్మేసి, "మిరపకాయకు ఏసీ, మనకు షాకు. మంచిగున్నది" అన్నాడు.

దేవ్లా ముందుకు చూశాడు. రెండో తీగ బండి ముక్కుకు ఎదురుగా వేలాడుతోంది. వెనక్కి చూశాడు. మొదటి తీగ తోక వెనక వేలాడుతోంది. మళ్లీ ముందుకు చూశాడు.

"సారూ, జెర్రి ఎన్కకు పోతదా?"

"వెనక్కెందుకు?"

"ఎన్క తీగ మేమే ఎత్తినం, మేమే దించినం. ముందు తీగ ఎత్తం. గిప్పుడు నీ బండి ఎటు పోతది?"

జయప్రకాశ్ గొడుగు పక్కకు ఒరిగింది. ముందు ఇంజన్‌లోంచి డ్రైవరు చందూలాల్ తల బయట పెట్టాడు. ఉత్తరాది మనిషి, రేవులో బయల్దేరిన దగ్గర్నుంచి ఆ సీట్లోనే తింటున్నాడు, ఆ సీట్లోనే నిద్రపోతున్నాడు. విషయం ఎవరో చెప్పారు. అతను ఇంజన్ ఆపేశాడు.

"ఎవడు ఆపమన్నాడ్రా?" అని అరిచాడు జయప్రకాశ్.

"పైన కరెంటు సాబ్. కింద నేను" అని, చందూలాల్ కాళ్లు స్టీరింగ్ మీదికి చాపి కళ్లు మూసుకున్నాడు.

ఇక జనం పోగయ్యారు. వెనక బస్సులో పర్ణశాల పోయే యాత్రికులు దిగొచ్చారు. ఒకాయన గట్టిగా, "మీ కూలి తగాదాకు మేమెందుకు ఎండాలయ్యా? చంటిపిల్లలున్నారు!" అన్నాడు.

"వానల ఎండుతున్నవా తాతా?" అంది గడల పక్కన నిలబడ్డ సంగీత. అందరూ నవ్వారు, ఆయన కూడా కొంచెం. సంగీత నవ్వలేదు. "మాది కూలి తగాద గాదు. కరెంటు తీసేయ్యి, ఎత్తుతం అంటున్నం. నువ్వు ఎత్తుతవా కరెంటున్న తీగ? ఇగో గడ."

ఆయన గడ వైపు చూశాడు. కరిగిన ట్యూబు చూశాడు. బస్సులోకి పోయి చంటిపిల్లల కోసం తెచ్చిన బిస్కెట్లు, నీళ్లు తీసుకొచ్చి గడలవాళ్లకు పంచాడు.

జయప్రకాశ్ ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. తరవాత దేవ్లాను పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. "చూడు, ఈ ఒక్క లైను వరకూ తీసేయిస్తా. గొడవ లేకుండా కానిచ్చేయండి."

దేవ్లా ఆ చెయ్యి తీసేసి అందరికీ వినపడేలా అడిగాడు. "గీ ఒక్కదానికి తీసేపిస్తడంట. ఏమంటరు?"

ఇక్కడే వాదన పడింది. "ఒప్పుకుందాం కాకా, నిలబడే శక్తి లేదు" అన్నాడు ఒకడు. "మన తండా దాటితే చాలు గదా, పై ఊరోళ్ల సంగతి పై ఊరోళ్లు చూస్కుంటరు" అన్నాడు ఇంకొకడు. సంతోష్ వాడి మీదికి లేచాడు. "గట్ల అనుకుంటనే కాకినాడ నుంచి గీడిదాక వచ్చింది గదరా! కింది ఊర్ల ఎవడు పడ్డడో మనకెర్కనా?"

అప్పుడు రవికుమార్ ఫోను మోగింది.

అతను విన్నాడు. అవతల దవాఖానా నుంచి హేమలత. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, సంగతి తెలిసి వచ్చి రోడ్డు పక్కన కూర్చున్న మోతీ తల్లి జమ్లి వైపు చూశాడు. జమ్లికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆమె లేచి, దేవ్లా చేతిలోంచి కొడుకు గడ తీసుకుని, పోయి జెర్రి ముందు రోడ్డు మధ్యలో కూర్చుంది. గడను ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. ఎవరితోనో మామూలు సంగతి చెప్తున్నట్టు, "పొద్దుగాల రొట్టె తినకుండనే పోయిండు" అంది.

ఆ తరవాత ఎవరూ ఒప్పుకుందాం అనలేదు. గోదావరి దాకా ఉన్న ప్రతి తీగకూ, ప్రతి ఊళ్లో, కరెంటు తీశాకే బండి. ఆ మాట ఎవరు మొదలుపెట్టారో తెలియదు, అందరి నోటా అదే మాట వచ్చింది.

పోలీసులు వచ్చారు. రోడ్డుకు అడ్డం కూర్చున్నారని, దేశానికి కావలసిన పని ఆపారని అన్నారు. దేవ్లాను, సంతోష్‌ను, సంగీతను వ్యాన్ ఎక్కించారు. దేవ్లా తనంతట తనే ఎక్కాడు. పొద్దుట్నుంచి మొదటిసారి కూర్చున్నాడు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. జమ్లిని లేపడానికి మాత్రం ఏ పోలీసుకూ చెయ్యి రాలేదు.

ఇంతలో జయప్రకాశ్ పై తండా నుంచి డీసీఎం వ్యానులో కొత్త మనుషులను దింపాడు. గడలు చేతికిస్తుంటే, వాళ్లలో పెద్దవాడు రూప్‌సింగ్ రోడ్డు మధ్యలో ఉన్న ముసలామెను చూశాడు.

"గా యాడి ఎందుకు కూసున్నది?" అని అడిగాడు. తండా మాటలో అమ్మను యాడి అంటారు.

"ఏదో ఇంటి గొడవ. నువ్వు కానివ్వు" అన్నాడు జయప్రకాశ్.

రూప్‌సింగ్ పోయి జమ్లి ముందు గొంతుక్కూర్చున్నాడు.  ఆమె గడ తిప్పి చేయి పట్టేచోటు చూపించింది. రూప్‌సింగ్ దాన్ని వేలితో ముట్టుకున్నాడు. లేచి తనవాళ్ల దగ్గరికొచ్చి తన చేతిలోని గడను నేల మీద పెట్టాడు. ఒకదాని తరవాత ఒకటి గడలన్నీ నేల మీద పడ్డాయి. అందరూ వెళ్లి జమ్లి వెనక కూర్చున్నారు.

రవికుమార్ ఇదంతా చూస్తున్నాడు. అతని జీతం మీద అప్పటికి ఇల్లు, చెల్లెలి చదువు, అమ్మ మందులు ఉన్నాయి. ఫోను తీశాడు. 

"సబ్‌స్టేషనా? లైన్‌మన్ రవికుమార్. ఎల్‌సీ, లైన్ క్లియర్ కావాలె. అవ్, గీ ఫీడరే. ఎవరు చెప్పిన్రా? నేనే చెప్తున్న. మనిషి సచ్చిపోయిండు. నా పేరు మీద రాస్కో."

"నీ ఉద్యోగం పోతుందిరా!" అన్నాడు జయప్రకాశ్.

"పోనియ్ సారూ."

కోల్డ్ స్టోరేజీలో పొద్దుట్నుంచి వినిపిస్తున్న మోత ఆగిపోయింది. అది ఆగితే గానీ ఎంత పెద్ద మోతో తెలియలేదు. రవికుమార్ స్తంభం ఎక్కాడు, తీగలకు ఎర్తు గొలుసు తగిలించాడు. వ్యాన్ కిటికీలోంచి దేవ్లా అరిచాడు.

"రవీ! తీసినవా? చెయ్యి పెట్టి చూపియ్!"

రవికుమార్ గ్లౌజు తీసేసి ఉత్త చేత్తో తీగను పట్టుకున్నాడు. కింద ఉన్న జనమంతా తలలెత్తి చూశారు. అతను పట్టుకునే ఉన్నాడు.

అప్పుడు జమ్లి లేచింది. కొడుకు గడనే తీగకు ఆనించింది. రూప్‌సింగ్ మనుషులు, తండా ఆడవాళ్లు, బస్సులోంచి దిగిన ఇద్దరు ముగ్గురు తలా ఒక గడ పట్టారు. చందూలాల్ ఇంజన్ వేశాడు. జెర్రి మెల్లగా వాళ్ల మధ్య నుంచి పోయింది. తోక దాటేదాకా ఎవరూ గడ దించలేదు. వెనకే పోలీసు వ్యాన్ కదిలింది, దాని వెనక మోతీని తెచ్చే బండి కోసం దారి ఖాళీ అయింది.

జెర్రి పై తండా చేరేసరికి, రూప్‌సింగ్ ఫోనులో అంతా చెప్పడంతో అక్కడి జనం ముందే రోడ్డు మీదికి వచ్చి ఉన్నారు. గడలు తీగ కింద వరసగా నేల మీద పరిచి ఉన్నాయి. ఎవరూ నినాదాలివ్వలేదు. అందరూ అలసిపోయిన రైతుకూలీలే, పొద్దంతా మిర్చి ఏరి వచ్చినవాళ్లే. జయప్రకాశ్ కారు దిగగానే ఒక ఆడమనిషి కొంగు బిగించి అడిగింది.

"కరెంటు తీసేసినరా సారూ? చెయ్యి పెట్టి చూపియ్యి."