హిటీ గౌనులో సబ్మిట్

జెడిడయా పార్మెలీ ఎవరి బొమ్మ వేసినా ముఖాన్ని చివరికి ఉంచుకునేవాడు. ముందు బట్టలు, తర్వాత కుర్చీ, చేతులు, వెనకాల తెర. అవన్నీ ఆరిపోయాక మనిషిని ఎదుట కూచోబెట్టి రెండు మూడు పూటల్లో ముఖం దించేసేవాడు. ఇరవై ఏళ్లుగా కనెటికట్ నది వెంబడి ఊరూరా తిరిగి అతను వేసిన బొమ్మలన్నీ అలా తయారైనవే. లూమిస్ వారింట్లోనూ అలాగే మొదలుపెట్టాడు. అదే పొరపాటయింది.

ఆ ఇంటి పెద్దపిల్ల మెహిటబుల్‌ను అందరూ హిటీ అనేవారు. తొమ్మిదేళ్లు. గొంతు జబ్బు చేసి నాలుగు రోజుల్లో పోయింది. కబురందుకుని పార్మెలీ వచ్చేసరికి పాతిపెట్టి వారమైంది. తండ్రి కెప్టెన్ లూమిస్ గుర్రాలూ ఉల్లిపాయలూ ఓడకెత్తుకుని వెస్టిండీస్ దీవులకు వెళ్లాడు. ఆయనకు ఇంకా సంగతి తెలియదు.

"ఆయన గడపలో కాలు పెట్టేసరికి పిల్ల గోడమీద ఉండాలి," అంది తల్లి కెజయా. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. "నా బిడ్డేదని అడిగితే ఏం చూపించను, మట్టిదిబ్బనా?"

"పాపను నేను చూడలేదు కదమ్మా. చూడనివాళ్లను నేనెప్పుడూ వెయ్యలేదు."

"దాని చెల్లెలుంది. ఇద్దరిదీ ఒకే పోలిక. హిటీ గౌను తొడిగి కూచోబెడతాను. చూసి వెయ్యండి."

పార్మెలీ ఒప్పుకున్నాడు. ఒప్పుకోక అతనికి గతి లేదు. కుర్రతనంలో మంచు మీద జారే బళ్లకూ, సత్రాల పేరు పలకలకూ, గడియారాల ముఖాలకూ రంగులేశాడు. ముప్పయ్యో ఏట బోస్టన్ దాకా నడిచివెళ్లి, లండన్‌లో చదువుకొచ్చిన ఒక చిత్రకారుడి ముందు తన బొమ్మలు పరిస్తే, ఆయన పొడుం పీల్చుకుని, "బళ్లకు రంగులు బాగా వేస్తావు," అన్నాడు. ఆ రోజు నుంచీ ఎవరి దగ్గరా నేర్చుకోవాలనుకోలేదు. సీసపు తెలుపు రంగును అవిసె నూనెలో నూరి నూరి, ఆ విషం ఒంటికెక్కి ఇప్పుడు కుడి మణికట్టు పట్టు తప్పుతోంది. కడుపులో మెలిపెట్టే నొప్పి. ఇంకో చలికాలం రోడ్లమీద గడపలేనని అతనికి తెలుసు. ఈ బొమ్మ కుదిరితే తమ ఇళ్లలోనూ వేయిస్తామని పాస్టరుగారూ జడ్జిగారూ అన్నారు. జీనులు కుట్టేవాడి దుకాణం మీద గది ఖాళీగా ఉంది. కుదిరితే అందులో ఉండిపోవచ్చు.

మొదటి నాలుగు రోజులూ హాయిగా గడిచాయి. నీలం గౌను, లేసు అంచు, ఎర్ర కుర్చీ. పోయిన పిల్లల బొమ్మలో చేతికి పువ్వునిచ్చి, దాని తల కిందికి వాల్చడం ఆ వైపు ఆచారం. చూసినవాళ్లకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. పార్మెలీ తెల్లగులాబీని వాల్చి వేశాడు. కెజయా వచ్చి, ఆరీ ఆరని లేసు మీద వేలు పెట్టబోయి ఆగింది.

"కుట్లు కూడా అలాగే ఉన్నాయి. నేనే కుట్టాను," అంది.

అయిదో రోజు హిటీ చెల్లెలు సబ్మిట్ వచ్చి కూచుంది. ఏడేళ్ల పిల్ల. ముందు పళ్లు రెండూ ఊడిపోయాయి. గౌను నేల మీద జీరాడుతోంది. కూచోగానే బొమ్మవైపు అనుమానంగా చూసింది.

"బొమ్మల తాతా, నేనెప్పుడు చచ్చిపోతాను?"

"ఏమిటే ఆ మాటలు, పిచ్చిదానా?"

"పువ్వు కిందికుంటే చచ్చిపోయినట్టట. వంటింట్లో డోర్కస్ చెప్పింది."

"ఆ పువ్వు నీది కాదమ్మా. మీ అక్కది."

"చెయ్యి నాదే కదా?" అంది ఆ పిల్ల తన చెయ్యి తిప్పి చూసుకుంటూ.

పార్మెలీ కుంచె తుడుచుకున్నాడు. సాయంత్రానికి ముఖం తయారైంది. కెజయా చూసి తల అడ్డంగా తిప్పింది.

"ఇది సబ్మిట్. హిటీ బుగ్గలు ఇంత ఉబ్బుగా ఉండేవి కావు."

గీకేశాడు. మర్నాడు బుగ్గలు తగ్గించి వేశాడు. "కళ్లలో ఈ కొంటెతనమేమిటి? హిటీ నెమ్మదైంది," అంది. మళ్లీ గీకేశాడు. ఇలాగే ఇంకో రోజు గడిచింది. ఆ మర్నాడు పిల్ల జుట్టు, హిటీ జుట్టులా కాగితాలు చుట్టి ఉంగరాలు తిప్పి ఉంది. పెదాలు బిగించి కూచుంది. పలకరిస్తే తల ఊపుతుంది తప్ప నోరు తెరవదు. హిటీకి పళ్లన్నీ ఉండేవి మరి.

మధ్యాహ్నం వంటింట్లో వేణ్నీళ్లకు వెళితే, వంటామె డోర్కస్ చేటలోని ఎండు చిక్కుడుకాయలను కసిగా ఒలుస్తోంది.

"ఏం పార్మెలీ గారూ, కుదిరిందా ముఖం?"

"ఇంకా లేదు."

"బొమ్మలో తేడా వస్తే మీరు కత్తితో గీకేస్తారు. ఆవిడకి గీకడానికి ఆ పిల్ల దొరికింది. మూడు రోజులుగా దాని కడుపులో ఏం పడుతోందో తెలుసా? పల్చటి పాలు. బుగ్గలు తగ్గాలట!"

"అమ్మగారు తిండి పెట్టొద్దన్నారా?"

"'హిటీ, నీకు రొట్టె వద్దు' అంటోంది. హిటీ! నాలుగు రోజులుగా అదే పేరు. మొదట్లో ఆ పిల్ల 'నేను సబ్మిట్ని' అని ఏడ్చేది. ఇప్పుడు పలుకుతోంది. మీరు మాత్రం శుభ్రంగా రెండేసి గిన్నెలు పులుసు తాగి రంగులేసుకోండి, మీకేం!"

పార్మెలీ వేణ్నీళ్లు ముంచుకున్నాడు. పాస్టరుగారి ఇల్లు, జడ్జిగారి ఇల్లు, దుకాణం మీది గది అతని కళ్లముందు తిరిగాయి. ఇంకొక్క రోజు, అనుకున్నాడు.

మర్నాడు చెయ్యి దారికొచ్చింది. ఉన్నది ఉన్నట్టు పడుతోంది. గడ్డం దగ్గర నీడ అందక, బొమ్మ మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "హిటీ, గడ్డం కాస్త ఎత్తమ్మా."

పిల్ల గడ్డం ఎత్తింది.

తానన్నదేమిటో అతనికి అప్పుడు వినిపించింది. తలెత్తి చూశాడు. పిల్ల కళ్లు ఎటో ఉన్నాయి. బుగ్గలు పీక్కుపోయాయి. అప్పుడే కెజయా లోపలికొచ్చి బొమ్మ ముందు నిలబడి, రెండు చేతులతో నోరు మూసుకుంది.

"వచ్చేసింది. నా హిటీ వచ్చేసింది. రేపింకొక్క పూట చాలు."

నాలుగు రోజుల కిందట కాదన్న ముఖమూ, ఇవాళ ఔనన్న ముఖమూ అతను ఒకే పిల్లను చూసి వేసినవే. తన పనితనం ఏమీ పెరగలేదు. పిల్లే తరిగింది. పార్మెలీ కుంచెలు కడగడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు.

మరునాడు గురువారం. కెజయా పాస్టరుగారి ప్రసంగం వినడానికి ప్రార్థన మందిరానికి వెళ్లింది. పార్మెలీ వంటింటి తలుపు తట్టాడు.

"డోర్కస్, మొక్కజొన్న రొట్టె ఉందా?"

"మీ కడుపేమన్నా చెరువా?"

"నాకు కాదు."

ఆమె అతని ముఖంలోకి చూసి, పెద్దముక్క కోసి బెల్లప్పాకం పోసి ఇచ్చింది. సబ్మిట్ ముందు వద్దంది. "అమ్మ తిడుతుంది," అంది. వాసన తగిలాక ఆగలేకపోయింది. తింటుంటే పాకం గడ్డం మీదుగా కారింది. సగం తిన్నాక, "తాతా, నీ చెయ్యి ముసలి కోడిలా వణుకుతోంది," అని పళ్లు లేని నోటితో నవ్వింది.

"వణకనీ. నువ్వు తిను, నీ పని నీది."

నిన్నటి ముఖం గీకేశాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకుని వేశాడు. నవ్వు, నవ్వులోని సందు, నిండు బుగ్గలు. బుగ్గలు మొదటిరోజు చూసినవే, మరిచిపోలేదు. చివరగా గులాబీ మీద ముదురు రంగు పూసి, అక్కడ కొరికిన పసుప్పచ్చటి రొట్టెముక్క వేశాడు.

కెజయా టోపీ కూడా తియ్యకుండా తిన్నగా గదిలోకి వచ్చింది. చూసింది.

"హిటీ ఏది?"

"హిటీని నేను చూడలేదమ్మా. చూసిన పిల్లను వేశాను."

"నిన్న ఉంది! నిన్న ఇక్కడే ఉంది, నా కళ్లతో చూశాను!"

"నిన్న ఉన్నది ఆకలితో ఉన్న సబ్మిట్. ఇంకో వారం ఇలాగే సాగితే మీకు రెండు బొమ్మలు కావలసి వస్తాయి."

"ఎంత మాటన్నావు!" ఆమె ముఖం పాలిపోయింది. "నాకు నువ్వా చెప్పేది, బళ్లకు రంగులేసుకునేవాడివి! ఈ ఊళ్లో నీ కుంచె ఇక తడవదు. పాస్టరుగారితో నేనే చెబుతాను." గిర్రున పిల్లవైపు తిరిగింది. "సబ్మిట్! ఏమిటా మూతి? గౌను నిండా పాకం! విప్పు ముందు, అది మీ అక్కది!"

సబ్మిట్ కదలకుండా తల్లినే చూసింది. ఆ పేరు తనదేనా అన్నట్టు ఒక క్షణం ఆగింది. తర్వాత గబగబా గౌను విప్పి, లోపావడాతో చలికి చేతులు కట్టుకుని నిలబడింది. ఎముకలు తేలిన ఆ భుజాలను కెజయా అప్పుడు చూసింది. చూసి, గౌను పట్టుకుని నేలమీద కూలబడింది.

"ఆయనకేం చూపించను?" అంది. ఎవరినడిగిందో తెలియదు.

"నోటితో చెప్పాలమ్మా," అన్నాడు పార్మెలీ మెల్లగా.

ఆమె తలెత్తలేదు. అతను రంగులు సర్దుకున్నాడు. పెట్టె పటకా బిగించబోతే వేళ్లు లొంగలేదు. డోర్కస్ వచ్చి, తనే బిగించి, పెట్టె అతని భుజానికి ఎత్తింది.

పాస్టరుగారి ఇంటి ముందు నుంచి వెళుతుంటే కిటికీ తెర పక్కకు జరిగింది. ఎవరో చూశారు. ఎవరూ పిలవలేదు. పార్మెలీ నది వైపు నడిచాడు. మంచు కురవడం అప్పుడే మొదలయింది.