వదిలేసి వచ్చిన గుడ్డ

"ఆ నూలు గుడ్డలో కట్టిస్తే మనింటి పరువేం కాను? నీ పెట్టెలో పట్టుది ఉందిగా, అది తియ్యి" అంది అత్తగారు, విసనకర్ర ఆపకుండానే.

మిచియే చేతిలోని నూలు గుడ్డ పక్కన పెట్టింది. భర్త హిదెమాసా తన పై అధికారి ఇనుయి గారికి వేసవి కానుక పట్టుకెళ్తున్నాడు. మంచి రకం సేమ్యా పెట్టె. షాపుకెళ్ళి ఎంచిందీ మిచియే, మోసుకొచ్చిందీ మిచియే, ఇప్పుడు మూట కట్టాల్సిందీ మిచియేనే. ఒసాకాలో ఈ ఇంట అడుగుపెట్టి ఇరవై రెండేళ్ళు. పొద్దున భర్త లంచ్ డబ్బాకి ఒక మూట, సాయంత్రం అత్తగారు వీధి స్నానశాలకి వెళ్తుంటే సబ్బుకీ తువ్వాలుకీ ఒక మూట, ఎవరింటికైనా పుచ్చకాయ పంపాలంటే ఒక మూట. ముడి జారిందంటే ఆ రోజంతా దాని గురించే మాట. జారని రోజుల గురించి ఇంతవరకూ ఎవరూ నోరు విప్పలేదు.

పట్టు గుడ్డ మాత్రం తన సొంతం. ఊదా రంగు మీద తెల్లటి సీతాకోక. అమ్మమ్మ నుంచి అమ్మకీ, అమ్మ నుంచి తనకీ వచ్చిన గుర్తు అది. వంశానికి ముద్రలా వాడే ఇంటి గుర్తు తండ్రి నుంచి కొడుక్కి వెళ్తే, ఈ సీతాకోక గుర్తు తల్లి నుంచి కూతురికే వెళ్తుంది. ఇంట్లో గొడుగుల దగ్గర్నుంచి గుమ్మం మీది పలక దాకా అన్నిటి మీదా హమానాకా అన్న భర్త ఇంటి పేరే. ఈ ఒక్క గుడ్డ మీద లేదు.

"అక్కడ ముడి విప్పి, పెట్టె వాళ్ళ వైపు తిప్పి ఇవ్వండి. గుడ్డ మడిచి తెచ్చేసుకోవాలి" అంది, భర్త బూట్లు వేసుకుంటుంటే.

"పద్ధతులు నాకు నేర్పుతున్నావా?" అన్నాడు హిదెమాసా.

మధ్యాహ్నం చేతులూపుకుంటూ వచ్చాడు.

"గుడ్డ ఏదండీ?"

"మూటతో సహా ఇచ్చేశా. వాళ్ళ ముందు ముడి విప్పుతూ కూర్చుంటే ఏం బాగుంటుంది?"

"అది మా అమ్మదండీ. వెళ్ళి అడిగి తెండి."

"పై అధికారి ఇంటికెళ్ళి గుడ్డ ముక్క ఇమ్మని అడగాలా? ఆఫీసంతా నవ్విపోతుంది. ఇంకోటి కొనుక్కో."

"మావాడి ముఖం చూడవేం అమ్మాయ్. ఊరుకో" అంది అత్తగారు.

ఊరుకుంది, నాలుగు రోజులు. బియ్యం కడుగుతున్నా, బట్టలారేస్తున్నా ఒకటే రొద. ఈవిడ పరువు కోసం బయటికి తీసిన గుడ్డని ఆయన పరువు కోసం వదులుకోవాలట. తల్లీకొడుకుల పరువు చూసుకునేసరికే తెల్లారిపోతోంది, ఇక నాదెప్పుడు చూసుకోను? అసలు తీసిచ్చిన నన్ననాలి. తీయమనగానే తీశాను. ఈ ఇరవై రెండేళ్ళలో తీయమంటే తీయనిదేముంది గనక. అమ్మ బతికి ఉంటే ఏమనేది? ఏమీ అనేది కాదు, అమ్మా ఊరుకున్న మనిషే. ఆ సంగతి తలుచుకుంటే మరీ మండింది.

అయిదో రోజు భర్త ఆఫీసుకి వెళ్ళగానే ట్రామెక్కింది.

"హమానాకా గారి భార్యనండి" అంది ఇనుయి గారి గుమ్మంలో. చెవులు కాలిపోతున్నాయి. "ఆదివారం మావారు వదిలేసి వెళ్ళిన గుడ్డ కోసం వచ్చాను."

ఇనుయి గారి భార్య సయొకో ఆమెను ఒక్క క్షణం అలా చూసి లోపలికెళ్ళింది. గుడ్డ తెస్తుందనుకుంటే సొరుగే లాగి తెచ్చింది. నిండా ఇస్త్రీ చేసి మడిచిన గుడ్డలు. వెదురాకుల గుర్తు, తీగ గుర్తు, మూడు నాలుగు రకాల పువ్వులు. అన్నిటికన్నా పైన సీతాకోక.

"అన్నీ ఇలా వదిలేసినవేనమ్మా. తిరిగి పంపిద్దామంటే, మీ ఆయనకి పద్ధతి తెలీదని వేలెత్తి చూపినట్టవుతుంది. ఎవరైనా వస్తారని దాచిపెడుతుంటాను."

"ఎవరూ రాలేదా?"

"మీరే మొదలు." సయొకో గుడ్డ తీసి ఆమె చేతిలో పెట్టింది. సొరుగు మూయలేదు. "నాదీ ఒకటి పోయింది. మావారు కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు అప్పటి పెద్దాయన ఇంట్లో వదిలేసొచ్చారు. నీలం రంగు. ముప్పై ఏళ్ళయింది. నేను వెళ్ళి అడగలేదు."

నవ్వుతూ అనబోయింది గానీ నవ్వు రాలేదు.

"ఆ ఇంటావిడ ఉన్నారా?" అడిగింది మిచియే.

"ఉన్నారు. ఇక్కడికి ట్రాములో ఆరు స్టాపులు."

గోడ గడియారం పదకొండు కొట్టింది. అత్తగారికి భోజనం వడ్డించే వేళవుతోంది. అన్నం కుండలో ఉంది, ఆవిడకి చేతులూ ఉన్నాయి.

"చెప్పులేసుకోండి" అంది మిచియే. "నేనూ వస్తాను."